కమిటీ కోసం నేసిన జంపఖానా

పోయిన నెలలో ఒకరోజు మా కోడలు స్వప్న నన్ను అడగకుండా నా చెక్కపెట్టె తెరిచి, అడుగున మడిచిపెట్టిన జంపఖానా తీసి దండెం మీద ఎండకు వేసింది. నేను పక్కింట్లో ముచ్చట్లు పెట్టుకుని వచ్చేసరికి వాకిట్లో ఎర్రగా, పసుపుపచ్చగా, నీలంగా అది వేలాడుతోంది. ఎండిన వేపాకు వాసన, కర్పూరం గోలీల వాసన ఇల్లంతా నిండిపోయింది. "ఎవలు తియ్యమన్నరే దాన్ని?" అని గట్టిగానే అరిచాను. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. "రేపు సర్వేవాళ్లు వస్తరట అత్తమ్మా. సర్కారు చేనేత పాలసీ కొత్తగ చేస్తదట, అందరి అభిప్రాయం రాసుకుంటరట. మంచిగ కూసోపెడ్దామని తీసిన" అంది బిక్కమొహం వేసుకుని. అభిప్రాయం అడగడానికి వచ్చేవాళ్లను మంచిగా కూర్చోబెడితే ఏమవుతుందో దానికేం తెలుసు? అది నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు. మా అమ్మ పోయి చాలా కాలమైంది. నేను ఆ దండెం కిందే కూలబడి, ఆ జంపఖానా అంచు పట్టుకున్నాను. స్వప్న మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నాకు బీపీ పెరిగిందనుకుని ఫ్యాను కిందికి రమ్మంది.

వరంగల్ కొత్తవాడలో మా గల్లీ అంటే ఎదురుగా సైకిల్ వస్తే మనిషి గోడకు అతుక్కోవాల్సినంత సందు. అటూ ఇటూ పెంకుటిళ్లు. ప్రతి ఇంట్లో వెలుతురు వచ్చే ముందు గది మగ్గానిది, చీకటిగా మిగిలిన వెనక గది మనుషులది. తెల్లవారుజామున మిల్లు కూత వినిపించగానే మా అమ్మ రాజమ్మ లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి చల్లి, జొన్న గటక పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా చరఖా ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేది. ఒక చేత్తో చరఖా, ఒక చెవి గటక మీద, నోరేమో పక్కింటి మార్తమ్మత్తతో. మధ్యలో మట్టిగోడే కదా, మార్తమ్మత్త అటువైపు నుంచి తన చరఖా తిప్పుతూనే జవాబు చెప్పేది. ఆదివారం చర్చికి పోయే ముందు కూడా ఆమె మా ఇంటి ముందు నిలబడి, ఆ వారం నడిచిన సంగతులన్నీ ఒకసారి మా అమ్మకు ఒప్పజెప్పి పోయేది. మా బాపు వీళ్లిద్దరికీ పూర్తిగా భిన్నం. రోజంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవి. నేను చిన్నప్పుడు అందరి నాన్నల చేతులూ నీలంగానే ఉంటాయనుకునేదాన్ని. రంగు నీళ్లు మరిగే డేగిస వాసన, తడి నూలు వాసన, బాపు బీడీ వాసన కలిస్తే అదే మా ఇల్లు.

వీటన్నిటి కన్నా నాకు బాగా గుర్తున్నది గంజి వాసన. నిలువు దారాలను, అంటే పడుగును, గల్లీలో ఈ కొస నుంచి ఆ కొసకు చాపి కట్టి, దానికి పిండి గంజి పట్టించి కుంచెతో రుద్దేవాళ్లు. ఎవరింటి పడుగైనా సరే, మగవాళ్లంతా చెయ్యి వేసేవారు. పులిసిన గంజి ఘాటుకు కుక్కలు కూడా ఆ పూట గల్లీలోకి వచ్చేవి కావు. ఆ పిండి వేరే కుండలో ఉండేది. మేము ముట్టుకుంటే వీపు విమానం మోత మోగేది. "అది మగ్గం తిండి, మనది కాదు" అనేది అమ్మ. ఇంట్లో జొన్నలు అడుగంటినా ఆ కుండలో పిండి మాత్రం ఉండేది. మగ్గానికి ముందు పెట్టాలి, మనకు తర్వాత, అది మా ఇంటి వరస.

నేను పదో తరగతి పరీక్ష రాసి ఇంట్లో ఉన్న రోజులవి. ఎమర్జెన్సీ పోయి కొన్నేళ్లయింది. నూలు కరువు వచ్చింది. చేనేత సొసైటీకి నూలు రాదు, బజారులో దొరికే నూలు మా చేతికి అందదు. మొదట ఒక ఇంట్లో మగ్గం ఆగింది, తర్వాత పక్క ఇంట్లో. పుట్టినప్పటి నుంచీ ఆ టకటకల్లోనే నిద్రపోయిన నాకు, గల్లీ చప్పుడు లేకుండా పోయాక నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం పూట మగవాళ్లు గడపల మీద కూర్చుని చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసుకునేవాళ్లు. నిజంగా చెబుతున్నాను, ఆకలి కన్నా ఆ చేతులను చూస్తేనే భయం వేసేది. మార్తమ్మత్త పెనిమిటి వర్ధన్నపేట వైపు మిరపతోటల్లో కూలికి పోయి, వంగి పని చేయడం చేతగాక నడుము పట్టుకుని తిరిగి వచ్చాడు. సూరత్ నుంచి ఒక మేస్త్రి వచ్చి గల్లీలో తిరుగుతుండేవాడు. అక్కడి పవర్లూములకు మనుషులు కావాలట. వాడు మా గడప ముందు నిలబడ్డప్పుడల్లా అమ్మ చరఖా ఆపి లోపలికి వెళ్లిపోయేది.

ఒకనాడు అమ్మ ఆ వేరే కుండలోని పిండి తీసి, నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టి ఉప్పు వేసింది. నేను అమాయకంగా "ఎవల పడుగే అమ్మా?" అని అడిగాను. అమ్మ నా వైపు చూడలేదు. గిన్నెలో పోసి నా ముందు పెట్టి, "పడుగు లేదు, ఏం లేదు. తాగు" అంది. బాపుకు కూడా అదే పోసింది. ఆయన గిన్నె పట్టుకుని మగ్గం గది వైపు ఒకసారి చూసి, గటగటా తాగేసి, బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మాత్రం ఆయన మాట్లాడాడు. "నేను సూరత్ పోత. మేస్త్రితోని చెప్పిన" అన్నాడు. అమ్మ గొల్లుమంది. "పోయినోళ్లు ఎవలన్న మనుషుల్లెక్క తిరిగొచ్చిన్రా? ఆ దూది ధూళికి రొమ్ము పాడై దగ్గుకుంట వచ్చిన్రు. నువ్వు పోతే నేను ఎవల మొఖం జూసుకోని బతకాలె?" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు బాపు కొంచెం తగ్గాడు. "సరే, కమిటీ వచ్చి పోయిందాక ఆగుత. నూలు వస్తే ఉంట, రాకుంటే పోత" అన్నాడు.

కమిటీ సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో హైదరాబాదులో పెద్ద చర్చ నడుస్తుండేది. మగ్గాలకు సర్కారే తక్కువ ధరకు నూలు ఇవ్వాలా వద్దా, హాస్టళ్లకూ దవాఖానలకూ జంపఖానాలు మా దగ్గర కొనాలా మిల్లుల దగ్గర కొనాలా అని. పొద్దున్నే చౌరస్తా హోటల్లో మా గల్లీ పెద్ద, మా బాపుకు అన్న అయ్యే కొమురయ్య పెద్దబాపు పేపరు గట్టిగా చదివేవాడు. ఒక్క చాయ్ తెప్పించుకుని ఇద్దరు తాగుతూ, మావాళ్లు మంత్రుల కన్నా ఎక్కువగా వాదులాడుకునేవారు. "మిల్లు జంపఖానా ఒక్క ఎండకాలానికే పీలికలైతది. మనది పోరగాండ్లు తన్నుకున్నా చినుగది. గంత సోయి లేదా ఆళ్లకు?" అని బల్ల గుద్దేవారు. ఎంత గుద్దినా ఆ మాట పక్కనున్న హనుమకొండ దాకా కూడా పోయేది కాదు. అందుకే సర్కారు వేసిన కమిటీ జిల్లాలకు తిరిగి నేతగాళ్ల అభిప్రాయం అడుగుతుందనీ, మా గల్లీకే వస్తుందనీ తెలిసిన రోజు కొమురయ్య పెద్దబాపు పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "సర్కారే మన గడపకు వస్తాంది. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం అందరూ మా ఇంటి ముందు కూర్చున్నారు. సర్కారు ఇంటికి వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి? ఎవరింట్లోనూ మంచి జంపఖానా మిగల్లేదు, నేసినవన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి. జంపఖానాలు నేసేవాళ్లం తుంగచాప వేస్తామా అన్నాడు కొమురయ్య పెద్దబాపు. ప్రతి ఇంట్లో మిగిలిన నూలు చిలప, అంటే దారాల చుట్ట, తలా ఒకటి తెస్తే, ఒక జంపఖానా నేయవచ్చు, వాళ్లు దాని మీద కూర్చుంటే మన పనితనం వాళ్లకే తెలుస్తుంది అన్నాడు. అందరూ తలూపారు. అమ్మ ఒక్కతే తలుపు చాటు నుంచి, "బావా, కోపం జేయకుండ్రి. ఆ నూలుతోని తువ్వాలలు నేసి అమ్మితే పిల్లల కడుపులన్న నిండుతయి. ఆళ్లు అడుక్కునేటోళ్ల ఇంటికి వచ్చినట్టే వస్తరు గని పెండ్లికి వస్తలేరు గదా" అంది. కొమురయ్య పెద్దబాపు మొహం చిన్నబోయింది. "అడుక్కునేటోళ్లమా రాజమ్మా మనం? పని అడుగుతానం. ఉత్త చేతులు చూపెట్టి అడుగుడు నాకు రాదు" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసింది అమ్మ. లోపలికి పోయి దాచుకున్న పసుపుపచ్చ చిలప తెచ్చి అందరికన్నా ముందు ఆమే పెట్టింది.

ఆ జంపఖానా మా మగ్గం మీదే నేశారు. పక్కపక్కన కూర్చుని బాపు, కొమురయ్య పెద్దబాపు. ఒక్కో ఇంటి నూలు ఒక్కో రంగు కాబట్టి పట్టెలు పట్టెలుగా వచ్చింది. ఎర్రది మార్తమ్మత్తది, నీలం కొమురయ్య పెద్దబాపుది, సన్నని పసుపుపచ్చ మాది. గల్లీలో మళ్లీ చప్పుడు మొదలైంది, ఒక్క మగ్గం చప్పుడు. ఆడవాళ్లు పనులు వదిలేసి వచ్చి, మా గోడకు ఆనుకుని కూర్చుని వినేవారు. అమ్మ ఏమో కండెలు చుడుతూ తన మాట వల్లించుకునేది. ఆడవాళ్ల తరఫున ఆమెనే మాట్లాడమన్నారు మరి. మొదట చాలా పొడుగ్గా అనుకుంది. రోజూ కొంచెం కొంచెం తీసేస్తూ, చివరికి ఒక్క ముక్కకు తెచ్చింది. "సారూ, పడుగుకు వెట్టే గంజి మేమే తాగుతున్నం. నూలియ్యుండ్రి." నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నేనే సారునైనట్టు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ మధ్యలో ఏడ్చేసేది. "జర గట్టిగ చెప్పే రాజవ్వా, ఆళ్లకు నీ ఏడుపు గాదు, నూలు ముచ్చట వినవడాలె" అని గోడ అవతల నుంచి మార్తమ్మత్త అరిచేది.

వాళ్లు వచ్చిన రోజు పొద్దున గల్లీ పెళ్లివారి ఇల్లులా ఉంది. ఆడవాళ్లంతా పెట్టెల అడుగు నుంచి ఉన్న ఒక్క మంచి చీర తీసి కట్టుకున్నారు. వాకిళ్లన్నీ ముగ్గులు. పాలు, చక్కెర, బిస్కెట్లు ఖాతా రాయించి ఉద్దెర తెచ్చారు. పింగాణీ కప్పులు పాస్టరు గారింటి నుంచి మార్తమ్మత్త తెచ్చింది. జీపు దిగి నలుగురు సార్లు వచ్చారు. పెద్ద సారు చెడ్డవాడేమీ కాదు, ఆ మాట ఇన్నేళ్ల తర్వాత కూడా అనలేను. చెప్పులు బయట విప్పి, జంపఖానా మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. చేత్తో తడిమి, "అబ్బ, ఎంత బాగా నేశారయ్యా! ఇది మీరు నేసిందేనా?" అన్నాడు. కొమురయ్య పెద్దబాపు ఛాతీ ఉప్పొంగింది. "మేమే సారు. మీరు వత్తాండ్రని మొన్ననే నేసినం" అన్నాడు. "మరి నూలు దొరకడం లేదన్నారు?" అన్నాడు సారు. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి? ఇంటికి వచ్చినవాళ్లు కూర్చున్న ఆసనం గురించి, ఇది మా పిల్లల నోటి దగ్గరిది తీసి నేశామని ఎవరైనా అంటారా? "మీ అసుంటి పెద్దలు వస్తే మాకేం తక్కువ సారు" అన్నాడు పెద్దబాపు. అందరూ నవ్వారు. వెనక ఒకాయన నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

చాయ్ వచ్చింది. సారు కప్పు అందుకుని, తలుపు దగ్గర కొంగు నిండా కప్పుకుని నిలబడ్డ అమ్మను చూశాడు. "ఏమ్మా, బాగున్నారా? పిల్లలు బాగున్నారా?" అని అడిగాడు. "మంచిగున్నం సారు. మీ దయ" అంది అమ్మ. మా దగ్గర అడిగేదీ అట్లాగే, చెప్పేదీ అట్లాగే. చావు ఇంటికి వచ్చినవాళ్లు అడిగినా ముందు ఆ మాటే వస్తుంది. మంచీ చెడూ అడగడం, చాయ్ తాగడం అయ్యాక అసలు సంగతి ఎత్తుతారు. అమ్మ పెదవులు తడుపుకుంటూ, తన ముక్క నోట్లో పెట్టుకుని నిలబడింది. ఆమె కాలి వేళ్లు గడపను గీకుతున్నాయి. సారు చాయ్ తాగాడు, బాగుందన్నాడు. గడియారం చూసుకుని లేచాడు. వర్ధన్నపేటలో రైతులు ఎదురుచూస్తున్నారట. బాపు గబగబా జంపఖానా దులిపి, మడిచి, జీపు దాకా మోసుకుపోయి ఇవ్వబోయాడు. "తీసుకోకూడదయ్యా, రూల్సు ఒప్పుకోవు" అని సారు బాపు భుజం తట్టాడు. "ఇంత పనితనం ఉన్నవాళ్లు, మీకేం పర్వాలేదు" అన్నాడు. జీపు వెళ్లిపోయింది. అమ్మ మంచి చీరతో గల్లీ చివరి దాకా పరుగెత్తింది. "అడుగుతడనుకున్న! చాయ్ తాగినంక అడుగుతడనుకున్న!" అని నడిరోడ్డు మీద నిలబడి అరిచింది. బాపు జంపఖానా చంకలో పెట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడు.

కొన్నాళ్లకు పేపర్లో వచ్చింది. కొమురయ్య పెద్దబాపు హోటల్లో గట్టిగానే మొదలుపెట్టి, సగంలో గొంతు తగ్గించి, చివర్లో చదవడం మానేసి పేపరు పక్కవాడి చేతిలో పెట్టాడట. నూలు ఇస్తారు, నిజంగా అవస్థలో ఉన్న చోట్లకు ముందుగా. మా గల్లీ అందులో లేదు. హాస్టళ్ల జంపఖానాలు మిల్లులకే పోయాయి. ఆయన మా ఇంటికి వచ్చి, మగ్గం గది గడప మీద కూర్చుని, తలను గోడకు ఆనించి, "నేనే పాడు జేసిన తమ్మీ" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అమ్మ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. గిన్నె కడిగి నీళ్లు ఇచ్చింది. బాపు మాత్రం లేచి వెళ్లి మేస్త్రిని కలిసి వచ్చాడు.

వరంగల్ స్టేషన్లో బాపు సూరత్ రైలెక్కిన రోజు మా గల్లీ మగవాళ్లు ఎంతమంది ఎక్కారో. పండుకోవడానికి ఆ జంపఖానా తీసుకుపొమ్మని అమ్మ బతిమాలింది. "అందరిది అది. నేనెట్ల పండుకుంట?" అని బాపు గోనెసంచి చుట్టుకుని పోయాడు. రైలు కదులుతుంటే ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. ఆ నీలపు చేతిని కిటికీ ఊచ మీద ఉంచి చూస్తుండిపోయాడు. తర్వాత చూసినప్పుడు ఆ చేతులు తెల్లగా ఉన్నాయి. అమ్మ భయపడ్డట్టే, దగ్గుకుంటూ వచ్చాడు. పెద్ద దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక, ఆ చివరి రోజుల్లో అమ్మ ఆయనను అడగకుండానే ఆ జంపఖానా పరిచి పండుకోబెట్టింది. ఆయన వేలితో పట్టెలు తడిమేవాడు. "ఇది మార్తమ్మది. బతుకుదెరువుకు భీవండి పోయిన్రు గద?" అనేవాడు. "ఇది మా అన్నది." కొమురయ్య పెద్దబాపు అప్పటికే లేడు. మా సన్నని పసుపుపచ్చ పట్టె దగ్గర వేలు ఆగేది. దాని మీదే పోయాడు.

నేను టీచరునై, నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. ఇప్పుడు మా ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంటుంది, గదిగదికీ ఫ్యాను ఉంది. గల్లీలో మా చిన్నప్పటి మగ్గం గదుల్లో కిరాణా కొట్టు, మొబైల్ దుకాణం, ట్యూషన్ సెంటరు. ఏం బాగా లేదని అనను, గంజి తాగిన నోటితో అలా అంటే పాపం. కానీ ఎవరైనా "బాగున్నారా" అని అడిగితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. స్వప్న ఇది చాదస్తమనుకుంటుంది.

మర్నాడు సర్వే వాళ్లు రాకముందే నేను జంపఖానా మడిచి పెట్టెలో పెట్టేశాను. కుర్చీలు కూడా లోపల వేయించాను. "ఇదేంది అత్తమ్మా, ఏమనుకుంటరు వాళ్లు?" అని స్వప్న నెత్తి కొట్టుకుంది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వచ్చారు, చేతిలో పలకలాంటి పెద్ద ఫోను. ఉత్త బండల మీద కూర్చోబెట్టాను. ఆ పిల్ల ముద్దుగా, "బాగున్నారా అమ్మమ్మా?" అంది. మంచిగున్న బిడ్డా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "ముందుగాల నేను చెప్పేది రాసుకో బిడ్డా" అన్నాను. "పడుగుకు వెట్టే గంజి మేమే తాగుతున్నం. నూలియ్యుండ్రి." గట్టిగానే చెప్పాను, గోడ అవతలికి వినిపించేటంత. ఆ పిల్ల తెల్లబోయి, మా నిండు ఇంటినీ నన్నూ మార్చి మార్చి చూసింది. అది మా అమ్మ అభిప్రాయమనీ, ఆమె పేరు రాజమ్మ అనీ, చెప్పే వంతు రాకముందే సార్లు లేచిపోయారనీ చెప్పాను. ఆ పిల్ల వేలితో ఫోను మీద కిందికీ పైకీ వెతికి, "చనిపోయినవాళ్ల అభిప్రాయం రాసే చోటు ఇందులో లేదు అమ్మమ్మా" అంది, పాపం, నిజంగానే బాధపడుతూ. "అయితే నా పేరు మీద రాయి" అన్నాను. అప్పుడే స్వప్న ట్రేలో చాయ్ కప్పులు పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు బిడ్డా. రాసినంక."